ఒక్కసారే గెలిచిన ఎమ్మెల్యే: అనంతపురం మెట్ట ప్రాంతం నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని వ్యక్తి ఉమ్మడి అనంతపురం జిల్లా నుంచి ఒక్కసారి శాసనసభకు వెళ్లారు, రెండోసారి పోటీ చేసి ఓడిపోయారు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరు, పార్టీ, నియోజకవర్గం, గెలిచిన సంవత్సరం రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న కొన్ని వివరాలు మార్చాను.

ఈ జిల్లాలో ఒక్క టర్మ్‌తో ఆగిపోయినవాళ్లు తక్కువేం కాదు. ఇక్కడి 14 సీట్లలో 2014లో తెలుగుదేశానికి 12 వచ్చాయి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 12 వచ్చాయి. 2024లో పద్నాలుగుకు పద్నాలుగూ కూటమికి వెళ్లాయి. గాలి మారిన ప్రతిసారీ కొత్తవాళ్లు కొందరు సభలో అడుగుపెడతారు, మళ్లీ మారినప్పుడు ఇంటికి వచ్చేస్తారు. గాలికి గెలిచాడు, గాలికి పోయాడు అని ఊరు తేల్చేస్తుంది. మధ్యలోని ఐదేళ్లలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో, అందులో ఏది పనికొచ్చిందో రాసిపెట్టేవాళ్లు లేరు. తర్వాత వచ్చే కొత్త ఎమ్మెల్యే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తోంది. ఆ లోటు కొంతైనా తీరాలన్న కోరికతో ఈ కేసు రాస్తున్నాను.

నా పని ఏమిటో ముందే చెప్పాలి. ఎమ్మెల్యే ఆఫీసుల్లో అర్జీల వ్యవస్థ, నియోజకవర్గ పనుల ప్రణాళిక చూస్తాను. సర్వేలు, ప్రచారం, టికెట్ల వ్యవహారం నా పరిధిలోవి కావు.

నేపథ్యం

నియోజకవర్గంలో ఎక్కువ భాగం మెట్ట. లోతు లేని ఎర్ర నేలలు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అదీ సమయానికి పడదు. జూన్, జూలైల్లో పదునైతే శనక్కాయ విత్తుతారు. ఆగస్టులో ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే కాయ పట్టదు. చెట్టు మాత్రం పచ్చగానే నిలబడి ఉంటుంది. రోడ్డు మీద కారులో పోయేవాళ్లకు పంట బాగున్నట్టే కనిపిస్తుంది, పీకి చూస్తే గానీ నష్టం తెలియదు.

బోర్లు ఉన్నవాళ్లు చీనీ, టమోటా పెడతారు. బోరు ఎండిపోతే ఇంకో బోరు, అదీ పోతే ఇంకొకటి. అప్పుల్లో సగం కథ అక్కడే ఉంటుంది. అదీ చేయలేనివాళ్లు కూలికి బెంగళూరు బస్సెక్కుతారు.

ఇక కాలువ. హంద్రీ-నీవా ద్వారా శ్రీశైలం వెనుక జలాలు 2012లో జీడిపల్లి రిజర్వాయరు దాకా వచ్చాయి. కాగితం మీద పథకం మొత్తానికి 40 టీఎంసీలు, 6 లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. ప్రధాన కాలువ పారుతుంది, చేలకు నీళ్లు పట్టుకుపోయే పిల్ల కాలువలు మాత్రం చాలాచోట్ల లేవు. ఈ నియోజకవర్గంలోనూ అంతే. కాలువ గట్టు పక్కనే చేను ఉన్న రైతు, పారే నీళ్లను రోజూ చూస్తూ ఎండిన పంటను పీకేసుకోవాలి. 1937 నవంబరు 16న రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్ల విషయంలో రాయలసీమకు మొదటి ప్రాధాన్యం ఇస్తామన్న మాట ఉంది. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ప్రతి ఎన్నికలో ఇక్కడ ఆ మాట వినిపిస్తుంది. కాబట్టి ఈ ప్రాంతంలో ఏ ఎమ్మెల్యేనైనా జనం ముందు నీళ్ల దగ్గరే నిలదీస్తారు.

ఆయన మెట్ట రైతు కొడుకు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పారు, తర్వాత జడ్పీటీసీ అయ్యారు. టికెట్ కోసం కొట్లాడుకున్న ఇద్దరు సీనియర్లలో ఎవరికిచ్చినా రెండోవాళ్లు పనిచేయరని పార్టీ మధ్యేమార్గంగా ఈయన్ను నిలబెట్టింది. అంటే ఆయనకు సొంత వర్గం లేదు. గెలిపించినవాళ్లు మండలానికొక నాయకుడు. ప్రతివాళ్లూ ఆయన తమకు బాకీ ఉన్నాడని అనుకున్నారు. తర్వాత జరిగినవాటిలో చాలా వాటికి మూలం ఇదే.

నా దగ్గరికి వచ్చిన సమస్య

రెండో ఏడాది మధ్యలో పిలిచారు. ఆయన మాట సూటిగా ఉంది: రోజూ నియోజకవర్గంలోనే తిరుగుతున్నాను, అయినా ఎమ్మెల్యే కనబడడం లేదని ఊళ్లో అంటున్నారు, ఎక్కడ తప్పుతోందో చూడండి.

మొదట ఆయన రోజు ఎలా గడుస్తోందో చూశాం. పొద్దున ఇంటి ముందు అర్జీలు. తర్వాత పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, కర్మలు, జాతరలు. సాయంత్రం మండల నాయకుల పంచాయితీలు. అన్ని మండలాలు చుట్టి వచ్చేసరికి అర్ధరాత్రి. మధ్యలో అసెంబ్లీ, పార్టీ సమావేశాలు, కలెక్టరేట్ మీటింగులు. మొత్తం వారంలో ఒక ఫైలు తెరిచి చదవడానికి, ఒక ఇంజనీరుతో కూర్చుని మాట్లాడడానికి గంట కూడా కేటాయించి లేదు. పెళ్లికి వెళ్లకపోతే ఆ ఇంటివాళ్లు నొచ్చుకుంటారన్నది నిజమే, ఆ భయాన్ని నేను తక్కువ చేసి చూడను. సీమలో చావుకు, పెళ్లికి రావడం ఎమ్మెల్యే ఇచ్చే మర్యాద. కానీ పెళ్లిలో ఆయన్ను చూసినవాళ్లే, ఏం పని జరిగిందని అడిగితే జవాబు చెప్పలేకపోయారు.

తర్వాత అర్జీల పుస్తకం. పింఛను, రేషన్ కార్డు, ఇంటి స్థలం, పొలం సర్వే తగాదా, ట్రాన్స్‌ఫార్మర్, ఆసుపత్రి ఖర్చుకు సీఎం సహాయ నిధి, టీచర్ల బదిలీ, స్టేషన్‌లో కేసు. వీటిలో అత్యధికం తహసీల్దారు ఆఫీసులోనో, ఎంపీడీఓ ఆఫీసులోనో తేలాల్సినవి. ఎమ్మెల్యే లెటర్ ఇచ్చేవారు, ఆ లెటర్ ఏమైందో ఎవరూ చూసేవారు కాదు. పంట బీమా, విత్తనాలు, చెరువు నీళ్ల మీద వచ్చిన అర్జీలు తక్కువే. రైతులకు ఆ కష్టాలు లేవని కాదు. అవి ఒకరి అర్జీతో తేలేవి కావని వాళ్లకు తెలుసు.

మొదటి ప్రయత్నం: ప్రజాదర్బార్‌ను సరిచేయడం

ముందు అర్జీల వ్యవస్థను చక్కబెట్టాలనుకున్నాం. ఇలా అనుకోవడానికి కారణం ఉంది: జనం రోజూ తాకే ద్వారం అదొక్కటే, అక్కడ మార్పు వస్తే వెంటనే తెలుస్తుంది. టోకెన్లు పెట్టాం, ప్రతి అర్జీకి నంబరు, శాఖలవారీ రిజిస్టరు, వారం తర్వాత ఫోన్ చేసి ఏమైందో చెప్పే ఇద్దరు కుర్రాళ్లు. మొదటి నెలల్లో మంచి పేరే వచ్చింది.

ఆ మంచి పేరే ఇబ్బంది తెచ్చింది. ఎమ్మెల్యే ఆఫీసుకు పోతే పని అవుతుందని తెలియగానే, మండలాఫీసుకు పోవాల్సినవాళ్లు కూడా ఇక్కడికే రావడం మొదలైంది. కింది ఉద్యోగులు ఇంకో అడుగు ముందుకేశారు: ఎమ్మెల్యే గారి నుంచి ఫోన్ రానివ్వండి, చేస్తాం అనడం మొదలెట్టారు. హక్కుగా దక్కాల్సిన పింఛను కూడా సిఫారసు వ్యవహారమైపోయింది. ఆయన్ను బాగా కలవరపెట్టింది ఇదే. మా ఊర్లో మా నాయన ఇట్లనే ఒకరి గడప ముందు నిలబడేవాడు, ఇప్పుడు నా గడప ముందు వీళ్లను నిలబెడుతున్నా అన్నారు ఒకసారి.

రెండో దెబ్బ మండల నాయకుల నుంచి. ఇంతకుముందు జనం వాళ్ల ద్వారా వచ్చేవాళ్లు. నేరుగా టోకెన్ తీసుకుని లోపలికి పోతుంటే వాళ్ల పెద్దరికం పోయింది. ఒక మండల కన్వీనర్ తన ఊరివాళ్లను దర్బార్‌కు వెళ్లొద్దని చెప్పినట్టు తెలిసింది.

ఇక్కడ ఆపి ఆలోచించాం. దర్బార్ మూసేస్తే దొర అయిపోయాడంటారు. కొనసాగిస్తే మిగిలిన మూడేళ్లూ అందులోనే పోతాయి. చివరికి వారానికి ఒక రోజుకు కుదించి, మండలాఫీసులో తేలాల్సినవాటిని నేరుగా సోమవారం గ్రీవెన్స్‌కు (అధికారులు సోమవారాల్లో అర్జీలు తీసుకునే కార్యక్రమం) పంపే పద్ధతి పెట్టాం. అర్జీ ఎలా రాయాలో, ఏ కాగితాలు జతచేయాలో చెప్పడానికి మండలానికి ఒకరిని కూర్చోబెట్టాం. దీంతో రద్దీ తగ్గింది, ఆయనకు సమయం దొరికింది. మండల నాయకుల కోపం మాత్రం తగ్గలేదు.

రెండో ప్రయత్నం: పంట బీమా

ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు ఎండిపోయాయి. ఒక మండలంలో మండల కేంద్రం చుట్టుపక్కల రెండు జల్లులు పడ్డాయి, దూరంగా ఉన్న గుట్టల వెంబడి ఊళ్లలో ఏమీ పడలేదు. వేరుశనగకు అప్పుడు వాతావరణ ఆధారిత బీమా ఉండేది. అందులో చేను చూసి నష్టం కట్టరు. ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లు తగ్గింది, వరసగా ఎన్ని రోజులు వాన లేదు అన్న లెక్కలు, దగ్గరి వాతావరణ కేంద్రం నమోదు ప్రకారం చూస్తారు. గుట్టల ఊళ్లన్నీ మండల కేంద్రంలోని వానమాపకానికే జతపడి ఉన్నాయి. అక్కడ వాన పడింది కాబట్టి వీళ్లకు పరిహారం లేదు.

జాబితా బయటికి వచ్చాక గొడవ మొదలైంది. ఆయన జిల్లా పరిషత్ సమావేశంలో లేచి మాట్లాడారు, మంత్రికి లేఖలు రాశారు, విలేకరుల సమావేశం పెట్టారు. రైతులతో కలిసి కలెక్టరేట్‌కు వెళ్లారు. ఎవరూ ఆయన మాట కాదనలేదు, ఎవరూ ఏమీ చేయలేకపోయారు కూడా. బీమా షరతులు సీజన్ ముందే నోటిఫై అయిపోతాయి. ప్రీమియం వాటి ప్రకారమే కడతారు. పంట ముగిసిన తర్వాత వాటిని మార్చమంటే కంపెనీ ఒప్పుకోదు, ప్రభుత్వానికీ మార్గం ఉండదు. ఎమ్మెల్యే అంత అరిచినా పైసా రాలేదన్న మాట మాత్రం ఊళ్లకు చేరింది.

ఈ ఓటమి నుంచి ఆయన తెలుసుకున్నది చాలా విలువైనది. డిసెంబరులో ఎంత పోరాడినా దొరకనిది మే నెలలో ఒక మామూలు లేఖతో దొరకవచ్చు. తర్వాతి ఏడాది నోటిఫికేషన్‌కు ముందే ఏ ఊరు ఏ కేంద్రానికి జతపడి ఉందో జాబితా తెప్పించాం. గుట్టల ఊళ్లలో కొన్నింటికి పక్క మండలంలోని ఆటోమేటిక్ కేంద్రం దగ్గర. వాటిని అక్కడికి మార్చమని దూరాలతో సహా రాసి ఇచ్చాం. అన్నీ కాకపోయినా కొన్ని ఊళ్లు మారాయి.

ఆ ఏడాది వానలు కుదురుగా పడ్డాయి. మారిన జాబితా వల్ల ఎవరికీ పరిహారం రావాల్సిన అవసరం పడలేదు. చేసిన పని మంచిదే, దాన్ని చూసినవాళ్లు లేరు. మెట్ట ప్రాంత రాజకీయంలో ఉన్న కష్టం ఇదే: రైతుకు నిజంగా మేలు చేసేది చాలాసార్లు ఒక పట్టికలో మారిన ఒక వరస. దాని ముందు కొబ్బరికాయ కొట్టడానికి, శిలాఫలకం పెట్టడానికి ఏమీ ఉండదు.

ఇచ్చి ఉండకూడని మాట

నేను చేరకముందే ఆయన ఒక మాట ఇచ్చేశారు. గెలిచిన కొత్తలో జరిగిన సభలో, పిల్ల కాలువలు తవ్వించి నీళ్లిచ్చాకే మళ్లీ ఓటు అడుగుతానన్నారు. జనం కేకలు వేశారు, ఫోన్లలో రికార్డయింది.

ఆ మాటలో ఆయన చేతిలో ఉన్నది ఎంత? పిల్ల కాలువలకు భూమి సేకరించాలి. 2013 భూసేకరణ చట్టం తర్వాత పరిహారం పెరిగింది, అది న్యాయమే, కానీ పాత అంచనాల్లో ఆ డబ్బు లేదు. పాత రేట్లకు పని పట్టిన కాంట్రాక్టరు పని చేయడు. అతన్ని 60-సి కింద (పని చేయని కాంట్రాక్టరు నుంచి పని తీసేసుకునే ఒప్పంద నిబంధన) తప్పించాలి, మిగిలిన పనికి కొత్త అంచనాలు వేయాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, మళ్లీ టెండరు పిలవాలి. ప్రతి మెట్టూ రాష్ట్ర స్థాయిలో ఉంటుంది. మొదటిసారి గెలిచిన, సొంత వర్గం లేని ఎమ్మెల్యే అడగగలడు, వెంటపడగలడు, అంతకు మించి ఆయన చేతిలో ఏమీ లేదు.

మాట వెనక్కి తీసుకోవాలా అన్నది చాలాసార్లు చర్చకు వచ్చింది. తీసుకుంటే పారిపోయాడంటారని ఆయన సన్నిహితులు అన్నారు. నా సలహా వేరు: ఏ ప్యాకేజీ ఏ మెట్టు దగ్గర ఆగింది, ఎన్ని ఎకరాలు సేకరించాలి, ఫైలు ఇప్పుడు ఏ శాఖలో ఉంది అన్నది ఆరు నెలలకోసారి ప్రతి పంచాయతీలో బోర్డు మీద రాయిద్దాం అని. ఆయన ఇష్టపడ్డారు. కానీ సొంత ప్రభుత్వం దగ్గరే ఫైలు ఆగిందని బోర్డు మీద రాస్తే పార్టీ ఊరుకుంటుందా? ఊరుకోలేదు. పై నుంచి ఫోన్ వచ్చాక బోర్డుల ఆలోచన ఆగిపోయింది. అధికార పార్టీ ఎమ్మెల్యేకు ఉండే ఈ సంకెల గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. సభలో విప్‌కు కట్టుబడాలి, బయట పార్టీకి కట్టుబడాలి. నియోజకవర్గం తరఫున గట్టిగా అడిగే గొంతు ఆ రెండింటి మధ్య నలిగిపోతుంది.

పనిచేసింది: చెరువుల వంతు

పిల్ల కాలువలు లేకపోయినా, వరద రోజుల్లో ప్రధాన కాలువ నుంచి వంకల్లోకి నీళ్లు వదిలి చెరువులు నింపడం సాధ్యమే. జిల్లాలో చాలాచోట్ల జరుగుతున్నదే. ఈ నియోజకవర్గంలోనూ అంతకుముందు జరిగింది. కానీ ఎవరి నాయకుడికి గొంతు పెద్దదైతే వాళ్ల చెరువుకు ముందు. కింది చెరువులకు చేరేలోపు కాలువలో నీళ్లు ఆగిపోయేవి. వంక పొడుగునా ఆయిల్ ఇంజిన్లు పెట్టి తోడుకునేవాళ్లు. రాత్రిళ్లు గండ్లు కొట్టేవాళ్లు. రెండు ఊళ్ల మధ్య తలలు పగిలిన సందర్భాలూ ఉన్నాయి.

మేం దీన్నే ఎందుకు ఎంచుకున్నాం అంటే, ఇందులో కావాల్సినవన్నీ ఆయనకు అందే దూరంలో ఉన్నాయి. నీటి విడుదల తేదీలు సాగునీటి సలహా మండలిలో తేలతాయి, అందులో ఆయన కూర్చుంటారు. తూము తెరిచేది డివిజన్ ఇంజనీర్లు, వాళ్లు రోజూ ఫోన్‌లో దొరుకుతారు. వాగుల పూడికతీతకు ఉపాధి హామీ ఉంది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైందే ఇదే జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో. దాన్ని సరిగా వాడుకునే అనుభవం ఇక్కడి ఫీల్డ్ అసిస్టెంట్లకు ఉంది. రాజధానిలో ఏ ఫైలూ కదలాల్సిన పనిలేదు.

కష్టం వంతు నిర్ణయించడంలో వచ్చింది. గొలుసుకట్టు చెరువుల్లో సహజంగా పైది నిండి, మరవ (అలుగు) పారి, కిందిది నిండాలి. నీళ్లు పుష్కలంగా ఉంటే అదే సరైన పద్ధతి. ఇక్కడ నీళ్లు ఎన్ని రోజులు వస్తాయో ఎవరికీ తెలియదు. పైనుంచి నింపుకుంటూ పోతే చివరి చెరువుకు ఏ ఏడూ అందదు. ఇంజనీర్లు పైనుంచే నింపాలన్నారు, మధ్యలో ఇంకిపోయే నష్టం తక్కువని. వాళ్ల లెక్క తప్పు కాదు. కింది ఊళ్ల రైతులు, మాకు మిగలని లెక్క మాకెందుకు సార్ అన్నారు. వాళ్లదీ తప్పు కాదు.

ఆయన పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి బోర్డు మీద గీసి ఇద్దరి ముందూ పెట్టారు. చివరికి కుదిరింది ఇది: మొదటి విడతలో గొలుసులోని ఏ చెరువునూ నిండా నింపరు. సగానికి రాగానే తూము ఎత్తి, కింది వంకలోకి వదులుతారు. అన్నిటికీ సగం చేరాక రెండో విడత మొదలవుతుంది, అప్పుడు ఏ గొలుసుకు ముందు అన్నది కిందటేడాది ఎవరికి తక్కువ అందిందో చూసి నిర్ణయిస్తారు. వంక వెంట ఇంజిన్లు పెట్టకూడదు. కాపలా నీరుగంట్లది (చెరువు నీళ్లు చూసుకునే ఊరి మనుషులు), వాళ్లకు కూలి ఆయకట్టు రైతులు ఎకరానికి ఇంతని వేసుకోవాలి. మత్స్యకార సంఘాలు మొదట అనుమానపడ్డాయి గానీ, సగం నీళ్లైనా ప్రతి ఏడాదీ ఖాయమైతే చేపపిల్లలు వదలడానికి ధైర్యం ఉంటుందని తర్వాత గట్టిగా నిలబడ్డాయి.

ఇదంతా కాగితం మీద పెట్టి, ప్రతి పంచాయతీ సర్పంచు సంతకంతో ఒక ప్రతి డివిజన్ ఆఫీసులో, ఒకటి పంచాయతీలో ఉంచాం. ఎమ్మెల్యే సంతకం దానిలో పెట్టలేదు. ఆయన పేరు ఉంటే, ఆయన దిగిపోయిన రోజున ఆ కాగితాన్నీ దింపేస్తారని నా భయం. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. ఐదేళ్లలో చేసిన పెద్ద పని మీద పేరు వద్దనుకోవడం రాజకీయాల్లో ఉన్నవాళ్లకు ఎంత కష్టమో దగ్గరగా చూశాను.

మొదటి ఏడాది రెండో విడతలో సొంత ఊరి గొలుసును ఆయన చివరకు పెట్టించారు. ఆ ఒక్క పనితో ప్రతిపక్షం ఊళ్లు కూడా వంతును నమ్మాయి. సొంత ఊళ్లో మాత్రం చిన్నాయన వరస అయ్యే పెద్దాయన కొన్ని నెలలు మాట్లాడలేదు.

మూల్యం ఇంకోచోట కూడా చెల్లించాల్సి వచ్చింది. పెద్ద మండలం కన్వీనర్ తన ఊరి చెరువును మొదటి విడతలోనే మరవ దాకా నింపమన్నాడు. గెలుపులో అతని వాటా పెద్దది. నింపితే వంతు అక్కడితో పోతుంది. నింపకపోతే మనిషి పోతాడు. ఆ రాత్రి చర్చలో నేనున్నాను. ఒక్కసారికి సర్దుబాటు చేద్దామని కొందరు, చేస్తే రేపు మిగతా మండలాలవాళ్లూ అదే అడుగుతారని మిగతావాళ్లు. ఆయన వంతు వైపే నిలబడ్డారు. కన్వీనర్ ఎన్నికల ముందు అవతలి పార్టీలో చేరాడు.

ఎన్నిక

ఓడిపోయారు. రాష్ట్రమంతా గాలి ఎదురుగా ఉంది, అది పెద్ద కారణం. కానీ అక్కడితో ఆగిపోతే ఈ కేసు రాయడం వృథా.

చెరువుల వంతు అంత బాగా నడిచినా ఓట్లుగా ఎందుకు మారలేదు? బూత్‌లవారీ లెక్కలు ముందేసుకుని కూర్చున్నాం. చెరువు కింద భూమి ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ కొద్దిమందే. చుట్టూ బోర్లలో నీళ్లు పెరిగాయి, దానితో ఇంకొందరికి మేలు జరిగింది. మిగతా ఊరంతా మెట్ట రైతులు, కూలీలు, వలస పోయి ఓటుకు వచ్చినవాళ్లు. వాళ్ల చేలో శనక్కాయ వానను బట్టే ఉంటుంది, చెరువు నిండినా నిండకపోయినా. వాళ్లకు తగిలే పనులు సబ్సిడీ విత్తనం సమయానికి రావడం, బీమా జాబితా, కూలి డబ్బులు ఆలస్యం కాకుండా పడడం. వాటి మీద ఆయన చేసిన పని మొదలయ్యేసరికే మూడో ఏడాది వచ్చేసింది. చేసినదీ కంటికి కనిపించేది కాదు.

పిల్ల కాలువల మాట వీడియో ఆఖరి వారమంతా ఫోన్లలో తిరిగింది. దానికి జవాబు లేదు. పెద్ద మండలంలో మెజారిటీ తిరగబడింది.

నేర్చుకున్నవి

మొదటిసారి గెలిచిన ఎమ్మెల్యే ఎవరు పిలిచినా ఇప్పుడు నేను ముందు చేయించేది పంట క్యాలెండర్. మే నెలలో బీమా నోటిఫికేషన్, సబ్సిడీ విత్తనం. జూన్, జూలైల్లో విత్తనం అందిందా లేదా, కాలువ నీటి తేదీలు. ఆగస్టు బెట్టలో ప్రతి మండలం నుంచి వాన లెక్క. అక్టోబరు 2 గ్రామసభల్లో ఉపాధి పనుల జాబితా. బడ్జెట్ సమావేశాలకు రెండు నెలల ముందే సభలో అడగాల్సిన ప్రశ్నలు. ఏ పని ఏ నెలలో చేతికి అందుతుందో తెలిస్తే, పెళ్లిళ్ల మధ్యలోనైనా దానికి సమయం దొరుకుతుంది. ఆ నెల దాటాక ఎంత అరిచినా ఫలితం ఉండదని బీమా విషయంలో చూశాం.

మాట ఇచ్చేముందు ఆ పనిలో ఎన్ని సంతకాలు కావాలో, వాటిలో తనవి ఎన్నో లెక్కేసుకోవాలని చెబుతాను. తన సంతకం ఒక్కటీ లేని పనికి అడుగుతాను, వెంటపడతాను అని మాత్రమే మాట ఇవ్వాలి. జనం దాన్ని చిన్నమాటగా తీసుకుంటారన్న భయం నాకు లేదు. కరువు చూసిన రైతుకు అబద్ధపు ధైర్యం ఎలా ఉంటుందో తెలుసు.

మండల నాయకుల విషయంలో నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాళ్లను పక్కనపెట్టి గెలవడం సొంత వర్గం లేనివాళ్లకు దాదాపు అసాధ్యం. ఈ కేసులో దర్బార్ మార్చేటప్పుడే వాళ్లను పిలిచి, అర్జీలు రాయించే బాధ్యత వాళ్ల ఊరి కుర్రాళ్లకే ఇచ్చి ఉంటే కోపం అంత దూరం పోయేది కాదని ఆయన ఇప్పుడు అంటారు. కావచ్చు. చెరువు వంతు దగ్గర మాత్రం ఆయన చేసిందే సరైనదని, ఓడిపోయాక కూడా, ఇద్దరం అనుకుంటున్నాం.

ఓడిన తర్వాత

దీని గురించి కేస్ స్టడీల్లో ఎవరూ రాయరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఫలితం వచ్చిన మర్నాటి నుంచి ఇంటికి వచ్చేవాళ్లు ఆగిపోయారు. ఫోన్ మోగేది అప్పులవాళ్ల నుంచే. ఐదేళ్లలో పెళ్లి కానుకలు, వైద్య సాయాలు, ఆఫీసు, డీజిల్ ఖర్చులకు చేసిన అప్పు కోసం రోడ్డు పక్క పొలం అమ్మారు. ఇంట్లోవాళ్లు అప్పటికే విసిగిపోయి ఉన్నారు. ఆయన కొన్నాళ్లు ఊరి బయటికి రాలేదు.

ముందున్న దారులు మూడు: గెలిచిన పార్టీలోకి పోవడం, ఇన్‌ఛార్జిగా కొనసాగుతూ మళ్లీ ఖర్చు పెట్టడం, రాజకీయాలు వదిలేయడం. పార్టీ మారితే చెరువుల దగ్గర సంపాదించిన నమ్మకం పోతుందని మొదటిది వద్దనుకున్నారు. రెండోదానికి డబ్బు లేదు, కొన్నాళ్లకు పార్టీయే వేరొకరిని ఇన్‌ఛార్జిగా వేసింది. మూడోది ఆయన వల్ల కాలేదు.

ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు ఒక పని జాగ్రత్తగా చేశాం. అర్జీల పుస్తకాల్లో జనం ఆరోగ్యం, అప్పులు, కుటుంబ తగాదాలు రాసి ఉంటాయి. అవి ఎవరి చేతిలోనూ పడకూడదు. నడుస్తున్న అర్జీల కాగితాలు ఎవరివి వాళ్లకు ఇచ్చేసి, మిగతావి నాశనం చేశాం. ఊళ్ల వారీ బీమా పట్టికలు, వాన లెక్కలు, చెరువుల వివరాలు ఒక సెట్టు కట్టి కొత్త ఎమ్మెల్యే ఆఫీసుకు పంపాం. వాళ్లు తీసుకున్నట్టు రసీదు ఇచ్చారు, వాడారో లేదో తెలియదు.

తర్వాత వచ్చిన వరద సీజన్‌లో కొత్త వర్గంవాళ్లు వంతు పక్కనపెట్టి తమ ఊరి చెరువు ముందు నింపుకోబోయారు. గొలుసు చివరి ఊరివాళ్లు పంచాయతీలోని కాగితం తీసుకుని సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్లారు. డివిజన్ ఆఫీసులోనూ అదే ప్రతి ఉండడంతో, మొదటి విడత దాని ప్రకారమే వదిలారు. రెండో విడత దగ్గర మళ్లీ గొడవ జరిగింది, అది ఇంకా తేలలేదు. ఆయన ఇప్పుడు ఆ ఊళ్ల నీరుగంట్ల కూలి లెక్కలు చూస్తున్నారు, గుట్టల ఊళ్లలో మిగిలినవాటిని దగ్గరి వాతావరణ కేంద్రానికి మార్చమని ప్రతి ఏప్రిల్‌లో అర్జీ పెడుతున్నారు. ఈ ఏడాది అర్జీ కలెక్టరేట్‌లో ఉంది.